పుర్రె నవ్వితే మనకెందుకు కోపం?

చావు పేరెత్తితే చాలు, గొంతు తగ్గించాలి, ముఖం వేలాడేసుకోవాలి, "శుభమా అని ఇప్పుడా మాటలెందుకు?" అనాలి. ఇది మనకి చిన్నప్పట్నించీ నేర్పిన మర్యాద. ఆ మర్యాదతోనే ఇవాళ నా పోట్లాట. నా తరపున ఒక సాక్షిని పిలుస్తున్నాను. ఆ సాక్షికి కళ్ళు లేవు, ముక్కు లేదు, నాలుక అసలే లేదు. ఉన్నదల్లా పళ్ళ మధ్య బిగించి పట్టుకున్న ఒక సిగరెట్. అది వెలుగుతూ ఉంది కూడాను!

విన్సెంట్ వాన్‌గో అనగానే మనలో చాలామందికి పొద్దుతిరుగుడు పూలు గుర్తొస్తాయి. లేకపోతే సుళ్ళు తిరిగే నక్షత్రాల ఆకాశం గుర్తొస్తుంది. ఆ మహానుభావుడే 1886 మొదట్లో, బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగరంలో చిత్రకళ చదువుకుంటూ వేసిన బొమ్మ ఇది. వెనకంతా చీకటి. ఆ చీకటి ముందు ఒక అస్థిపంజరం, తల నుంచి భుజాల దాకా. పసుపూ గోధుమా కలిసిన పాత ఎముకల రంగు. నోట్లో సిగరెట్, దాన్నుంచి సన్నగా పొగ. అంతే బొమ్మ. కొలతలంటారా, 32 సెంటీమీటర్ల పొడుగు, ఇరవై నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు. వారపత్రిక అట్టకంటే కాస్త పెద్దది, అంతే. ఇప్పుడది ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన పేరు పెట్టిన మ్యూజియంలో ఉంది.

ఇంత చిన్న బొమ్మని చూసి పెద్దలు మూడు రకాలుగా ముఖం చిట్లిస్తారు. మొదటివాళ్ళు, "చూశారా, పొగ తాగితే ఇదే గతి అని ఎంత బాగా చెప్పాడో!" అంటారు. రెండోవాళ్ళు, "పాపం, తన చావు తనకి ముందే తెలిసిపోయింది. నాలుగేళ్ళకే పోయాడుగా!" అని కళ్ళు తుడుచుకుంటారు. మూడోవాళ్ళు, "ఛీ, ఇదేం బొమ్మ, ఇంట్లో పిల్లలుంటారు" అని పేజీ తిప్పేస్తారు. ఒకరు నీతి వెతుకుతున్నారు, ఒకరు జోస్యం వెతుకుతున్నారు, ఒకరు కళ్ళు మూసుకున్నారు. బొమ్మలో ఉన్న నవ్వుని మాత్రం ముగ్గురూ చూడలేదు.

నీతివాళ్ళ సంగతి ముందు చూద్దాం. సిగరెట్‌ని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు సుమండీ. సంసారాల్లో అది ఎంత డబ్బు తగలేసిందో, ఎంతమంది ఊపిరి తీసిందో ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? కానీ ఊపిరితిత్తుల కాన్సర్‌కీ సిగరెట్‌కీ ఉన్న ముడిని డాల్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లండులో లెక్కలతో సహా బయటపెట్టింది 1950లో. మన దేశంలో చట్టం చేసి సిగరెట్ పెట్టెల మీద హెచ్చరిక అచ్చు వేయించడం 1975 తరవాతి మాట. బొమ్మలతో భయపెట్టడం 2009లో మొదలైంది. పొగాకుని తిట్టేవాళ్ళు 1886లోనూ లేకపోలేదు గాని, ఆ తిట్టేవాళ్ళలో వాన్‌గో లేడు. ఆయన నోట్లో పైపు లేని పూట ఉండేది కాదు.

అయినా బొమ్మకేసి ఒక్కసారి తిన్నగా చూడండి. ఆ పొగ తాగుతున్న శాల్తీకి ఊపిరితిత్తులు లేవు! దగ్గడానికి గొంతు లేదు, కాన్సర్ రావడానికి కండ లేదు, మానేయమని పోరు పెట్టడానికి పెళ్ళాం లేదు. లోకం మొత్తం మీద సిగరెట్ వల్ల ఏ హానీ జరగని ప్రాణి ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. అలాంటిదాన్ని తీసుకొచ్చి ఆరోగ్యశాఖవారి గోడపత్రికకి అంటిస్తామంటే నవ్వు రాదూ? అసలా పొగని లోపలికి లాగిందెవరు? ఆ చుక్క నిప్పు ముట్టించిందెవరు? కాసేపు ఆలోచిస్తే ఆ బొమ్మలో ఉన్న చిలిపితనం మెల్లిగా బోధపడుతుంది.

ఇంతకీ ఆ చిలిపితనం ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలంటే ఆ చదువు గురించి చెప్పాలి. ఆంట్వెర్ప్‌లోని కళాశాల పాతకాలపు పద్ధతి గట్టిగా పట్టుకున్న చోటు. ప్లాస్టరు విగ్రహాల్ని చూసి గీయాలి, ఎముకలగూటిని చూసి గీయాలి. గీయడమే, రంగులు వెయ్యడం కాదు. అస్థిపంజరానికి తైలవర్ణాల ముస్తాబు పాఠాల్లో ఎక్కడా లేదు. అంటే ఈ బొమ్మ గురువులు చెప్పి వేయించింది కాదన్నమాట. పాఠం సందులోనో, పాఠం అయ్యాకో కుర్రవాడు తన సరదాకి వేసుకున్నది. కుర్రవాడంటున్నాను గాని అప్పటికి ఆయనకి 32 ఏళ్ళు. తనకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూచుని, మళ్ళీ ఓనమాలు దిద్దుతున్నాడు. ఇది విద్యార్థి వేళాకోళమేనని ఆ మ్యూజియంవారే చెబుతారు.

ఆ కళాశాలలో ఆయన వరస ఎలా ఉండేదో తోటి విద్యార్థి ఒకాయన చాలా ఏళ్ళ తరవాత గుర్తు చేసుకున్నాడు. ఒకరోజు మీలో వీనస్ విగ్రహాన్ని గీయమన్నారట. మన విన్సెంట్ ఆ దేవతకి పెద్ద పిరుదులు పెట్టి, నిండు సంసారిలా గీసి పెట్టాడట. గురువుగారు మండిపడి దిద్దబోతే కాగితం చిరిగిందట. స్త్రీ అంటే ఏమిటో మీకు తెలియదు, బిడ్డని మోసే ఒళ్ళు అలా ఉండదు అన్న అర్థం వచ్చేలా శిష్యుడు కేకలేశాడట. ఇది నిజంగా ఇలాగే జరిగిందో, చెప్పగా చెప్పగా కాస్త పెరిగిందో ఆయనకే తెలియాలి. కానీ ఆ మనిషి తత్వం ఇందులో ఉంది. చల్లటి ప్లాస్టరు బొమ్మలో బాలింత ఒంటిని చూసినవాడు, చల్లటి ఎముకలగూటిలో పొగ తాగే మనిషిని చూడడూ?

ఇక జోస్యంవాళ్ళు. 1890 జూలై 27న ఫ్రాన్సులో ఓవేర్ అనే పల్లెలో ఆయనకి తుపాకి గుండు తగిలి, 29న ప్రాణం పోయింది. కాబట్టి అంతకుముందు ఆయన వేసిన కాకులూ, చెట్లూ, కుర్చీలూ అన్నీ చావుకి సూచనలే వీళ్ళకి. పోయినవాళ్ళ విషయంలో మనం చేసే పెద్ద అన్యాయం ఇది. మనిషి ఎలా పోయాడో తెలిశాక, ఆ ఆఖరు రోజుని పట్టుకొచ్చి బతికిన రోజులన్నిటి మీదా నీడలా పరుస్తాం. ఆంట్వెర్ప్‌లో ఆయన ఏం చేస్తున్నాడో ఉత్తరాలు చదివితే తెలుస్తుంది. రంగులమ్మే దుకాణం పైన గది తీసుకుని, గోడలనిండా జపాను బొమ్మలు అంటించుకుని, ఇప్పుడు గది చూడ్డానికి బాగుందని తమ్ముడు థియోకి రాశాడు. ఓడరేవులో తిరిగాడు, నావికుల నాట్యాలు చూసి వచ్చాడు. రేపటి మీద ఆశ పెట్టుకున్నవాడి పనులివి.

అలాగని ఆయన సుఖంగా ఉన్నాడని కాదు. ఆకలి. థియో పంపిన డబ్బు రంగులకీ, మోడళ్ళకీ పోయేది. వేడి భోజనం నెలల తరబడి చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని సార్లే. రొట్టె, కాఫీ, పొగాకు. ఖాళీ కడుపు సంగతి తెలియకుండా ఉండడానికే పొగ ఎక్కువ తాగుతున్నానని తానే రాశాడు. పళ్ళు విరిగిపోతున్నాయి. ఊడినవీ ఊడబోయేవీ కలిపి పదికి తక్కువ ఉండవనీ, వాటివల్ల నలభై దాటినవాడిలా కనిపిస్తున్నాననీ తమ్ముడికి చెప్పుకున్నాడు.

ఇప్పుడు మళ్ళీ బొమ్మ దగ్గరికి రండి. పళ్ళు ఊడుతున్న మనిషి, పళ్ళ వరసతో దర్జాగా సిగరెట్ కరిచి పట్టుకున్న పుర్రెని వేస్తున్నాడు. తిండిలేక పొగ తాగుతున్న మనిషి, తిండి అవసరమే లేని ఎముకలగూటి చేత పొగ తాగిస్తున్నాడు. "నువ్వే నయం నాయనా!" అన్నట్టు లేదూ? ఇది చావుని పిలిచే గొంతు కాదు. నెలాఖరున పోపులడబ్బా దులిపి చూసుకుని, "ఈ పూట గాలి వేపుడు, నీళ్ళ పులుసు" అని పిల్లల్ని నవ్వించే ఇల్లాలి గొంతు. ఆ గొంతు మనకి తెలిసినంతగా ఏ విమర్శకుడికి తెలుస్తుంది?

ఇంకొక్క సంగతి చెప్పి జోస్యంవాళ్ళని వదిలేస్తాను. ఈ బొమ్మకి కొన్ని నెలల ముందు, 1885 అక్టోబరులో, ఆయన మరో బొమ్మ వేశాడు. అంతకుముందు మార్చిలో ఆయన తండ్రి హఠాత్తుగా పోయాడు. ఆయన మతబోధకుడు. ఆ బొమ్మలో పెద్ద బైబిలు తెరిచి ఉంటుంది, పక్కనే ఆరిపోయిన కొవ్వొత్తి. ముందు ఒక చిన్న నవల, జోలా రాసినది. దాని పేరుకి అర్థం బతుకులోని ఆనందం! హాలండు చిత్రకారులకి ఇది పదిహేడో శతాబ్దం నుంచీ వస్తున్న సంప్రదాయం. పుర్రె, ఆరిన దీపం, ఇసుక గడియారం, పొగాకు గొట్టం పెట్టి, "ఇదంతా పొగలా పోయేదే, మురిసిపోకండి" అని బుద్ధి చెప్పడం. తండ్రి కోసం ఆ బుద్ధిమంతుల బొమ్మ ఆయన కూడా వేశాడు. ఆ దీపం ఆరిపోయింది. కానీ పుర్రె నోట్లో ఉన్న నిప్పు? అది ఆరలేదు! ఆ సంప్రదాయంలో పుర్రె వస్తే దీపం ఆరాలి. ఈయన పుర్రెని తెచ్చి నిప్పు రాజేశాడు. వందల ఏళ్ళ నీతిపాఠాన్ని ఒక్క సిగరెట్‌తో వెక్కిరించాడు.

మూడోవాళ్ళకి, అంటే అశుభంవాళ్ళకి, నేను చెప్పేది తక్కువ. పుర్రెలదండ వేసుకున్న కాళికమ్మ కేలండరుకి దణ్ణం పెట్టుకునే ఇళ్ళు మనవి. బూడిద పూసుకుని, పుర్రె చేతబట్టి, శ్మశానంలో కాపురముండే శివుడికి కార్తీకమాసమంతా దీపాలు పెడతాం. అక్కడ లేని అశుభం ఈ పరాయి దేశపు పుర్రెకి ఎక్కణ్ణించి వచ్చింది? ఆ పుర్రెకి మనం భక్తితో తలవంచుతాం, ఈ పుర్రె మనల్ని నవ్వమంటుంది, అంతే తేడా. మనకి భయం పుర్రె అంటే కాదేమో, నవ్వంటేనేమో!

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. నాకెవరూ వేయకపోయినా నేనే వేసుకుంటాను. ఆ ఎముకలు ఎవరివో కదా? ఆ పుర్రె ఒకప్పుడు ఒక తల్లి కన్నబిడ్డదే కదా? చదువుల కోసం వేలాడదీసిన అస్థిపంజరాలు చాలావరకు దిక్కూమొక్కూ లేని బీదవాళ్ళవి. మన కలకత్తా నుంచి కూడా పైదేశాల చదువులకి అస్థిపంజరాలు ఓడలెక్కి వెళ్ళేవి. 1985లో ప్రభుత్వం నిషేధించేదాకా అదొక పెద్ద వ్యాపారం. అలాంటి అభాగ్యుల ఎముకల మీద వేళాకోళమా అని అడిగితే, ఆ మాట నేను తీసిపారెయ్యను.

కానీ ఆలోచించండి. ఆ మనిషిని వేలాడదీసి, ఇది ఇన్ని ఎముకలు, ఇది ఇంత కొలత అని పాఠంలోని పరికరంగా మార్చింది ఎవరు? కొలబద్దకీ ఆ అస్థిపంజరానికీ అక్కడ తేడా లేదు. దాని నోట్లో ఒక సిగరెట్ పెట్టేసరికి ఏమైందో చూడండి. దానికి ఒక అలవాటు వచ్చింది. ఒక ధీమా వచ్చింది. పని దిగి, గోడకి చేరగిలబడి, లోకాన్ని కాసేపు పక్కకి పొమ్మనే కూలివాడి ఠీవి వచ్చింది. పేరులేని ఎముకలగూడు మళ్ళీ మనిషైంది. ఆ మనిషిని చూసి మనం నవ్వడం లేదు, ఆ మనిషితో కలిసి నవ్వుతున్నాం. ఈ రెంటికీ ఉన్న దూరం తెలియనివాళ్ళు నవ్వకపోవడమే మంచిది, ఒప్పుకుంటాను. పొరుగింటి చావు మీద జోకులేసేవాడు రసికుడు కాదు, రాతిగుండెవాడు. కానీ తన చావుతో తానే పరాచికాలాడే మనిషి నోరు నొక్కే హక్కు ఎవరికీ లేదు.

ఇంత ఆవేశం దేనికంటే, ఆ నోరు నొక్కడం నేను కళ్ళారా చూశాను. మా అమ్మ ఆఖరి రోజుల్లో ఎముకలకి చర్మం అతికించినట్టు అయిపోయింది. ఒకరోజు నన్ను పిలిచి, "కట్టెలు ఎక్కువ కొనకండే, డబ్బు దండగ. సగం కట్టెని నేనే తెచ్చుకుంటున్నాగా" అంది. నేను నవ్వాను, అమ్మా నవ్వింది. ఎన్ని రోజులకో ఆ గదిలో నవ్వు వినపడింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు నొచ్చుకున్నారు. "అవేం మాటలు వదినా! కృష్ణా రామా అనుకోవాలి గాని" అని ఒకావిడ మందలించింది. "అనుకుంటూనే ఉన్నానమ్మా. వాళ్ళకి మాత్రం విసుగు రాదూ? మధ్యలో ఒక జోకు చెప్పనీ" అంది అమ్మ. ఆవిడ నావైపు ఎలా చూసిందంటే, నేనే ఏదో నేరం చేయిస్తున్నట్టు! తరవాత వచ్చిన ప్రతివాళ్ళూ మంచం చుట్టూ గుసగుసలాడారే గాని, అమ్మతో మామూలుగా ఒక్క మాట మాట్లాడలేదు. ప్రాణం ఉండగానే ఆవిణ్ణి పోయినవాళ్ళ జాబితాలో కలిపేశారు. చివరిదాకా మనిషిలా ఉండనివ్వమని ఆవిడ అడుగుతోంది. ఆ నవ్వుకి అర్థం అదీ.

పైపెచ్చు, ఈ నియమం ఎవరికి గట్టిగా వర్తిస్తుందో గమనించారా? మగవాళ్ళు వీధరుగు మీద కూచుని చావు గురించి వేదాంతం మాట్లాడవచ్చు, ఛలోక్తులు కూడా విసరవచ్చు. ఆడది మాత్రం చావింట్లో ఏడవాలి. ఎంతసేపు ఏడవాలో, ఎంత గట్టిగా ఏడవాలో కూడా చుట్టూ ఉన్నవాళ్ళు నిర్ణయిస్తారు. తక్కువ ఏడిస్తే మాట, పొరపాటున పెదవి విచ్చిందంటే జన్మంతా మాట.

అందుకే ఈ బొమ్మ వెనక ఉన్న ఒక ఆడమనిషి గురించి చెప్పకుండా ఉండలేను. థియో భార్య యోహన్నా. విన్సెంట్ పోయిన ఆరు నెలలకే, 1891 జనవరి 25న, థియో కూడా పోయాడు. అప్పటికామెకి 28 ఏళ్ళు. చంకలో బిడ్డకి ఏడాది నిండడానికి ఇంకా వారం ఉంది. ఆమె వాటాకి వచ్చిన ఆస్తి, అప్పటికి ఎవరూ పెద్దగా కొనని బొమ్మల గుట్ట. ఆమె హాలండుకి తిరిగొచ్చి, బుస్సుమ్ అనే ఊళ్ళో అతిథులకి భోజనం పెట్టి, గదులు అద్దెకిచ్చి బిడ్డని పెంచింది. ఒకపక్క ఆ బొమ్మల్ని లోకానికి చూపిస్తూ, మరోపక్క అన్నదమ్ముల ఉత్తరాలన్నీ పోగుచేసి 1914లో అచ్చు వేయించింది. ఆ ఏడే భర్త అస్థికల్ని యుట్రెక్ట్ నుంచి ఓవేర్‌కి తరలించి, అన్నగారి సమాధి పక్కన పెట్టించింది.

ఎముకలంటే ఏమిటో, చావంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె దాచిన బొమ్మల్లోనే ఈ సిగరెట్ పుర్రె కూడా ఉంది. మన అశుభంవాళ్ళెవరైనా ఆమె స్థానంలో ఉంటే, "ఇంట్లో రెండు చావులు జరిగాయి, ఈ దరిద్రపు బొమ్మ ముందు పారెయ్యండి" అని వీధిలో పడేసేవాళ్ళు. ఆమె పారెయ్యలేదు. ఆమె కొడుకు కాలానికి ఆ బొమ్మలన్నీ కలిసి ఒక ధర్మసంస్థకి చేరి, 1973లో మ్యూజియం తలుపులు తెరిచాయి. ఒక విధవరాలు దాచిపెట్టబట్టే ఆ పుర్రె ఇవాళ్టికీ పొగ వదులుతోంది.

ఓవేర్‌లో గుండు తగిలి మంచం మీద పడుకున్న విన్సెంట్ కూడా తన పైపు కాలుస్తూనే ఉన్నాడని ఆనాటి వాళ్ళు చెప్పారు. దాన్ని కూడా ఎవరో ఒకరు నీతిగా మార్చకముందే నేను చెప్పేస్తున్నాను. అది ధైర్యమూ కాదు, వేదాంతమూ కాదు. పోయేదాకా తన అలవాట్లతో, తన చమత్కారంతో తనలాగే ఉండడం. అంతకంటే ఎవరైనా కోరుకునేది ఏముంది?

కాబట్టి అమ్మలారా, అక్కలారా, నా విన్నపం ఒక్కటే. ఈసారి మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా తమ చావు గురించి తామే ఒక వేళాకోళం ఆడితే, "అవేం మాటలు" అనకండి. కుర్చీ దగ్గరికి లాక్కుని, నవ్వు వస్తే నవ్వండి, వీలైతే దానిమీద ఇంకో జోకు వెయ్యండి. యముడు ఎలాగూ తన టైముకి తను వస్తాడు. మనం ముఖం ముడుచుకుని కూచున్నామని ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యడు.